జేబులో రోటరు

పాత కారుని ఎత్తుకుపోవడం ఎందుకంత తేలిక? ఆ తేలికనే కాపలాగా మార్చుకోవడం ఎలా?

రెండో ఆట సినిమాకి వెళ్లినప్పుడల్లా మా బాబాయి ఒక పని చేసేవాడు. ప్రీమియర్ పద్మినిని హాలు పక్క సందులో ఆపి, పిన్నినీ పిల్లల్నీ దింపి, బోనెట్ ఎత్తేవాడు. నల్లటి టోపీలా ఉండే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ క్లిప్పులు రెండూ టక్కుటక్కుమని ఊడదీసేవాడు. లోపల్నుంచి బొటనవేలంత ముక్క ఒకటి లాగి, జేబురుమాల్లో చుట్టి, చొక్కా జేబులో వేసుకునేవాడు. అదే రోటరు.

"డోర్లకి తాళం వేశావుగా బాబాయ్, మళ్లీ ఇదెందుకు?" అని అడిగితే, "తాళం ఎవడైనా తిప్పుతాడ్రా. ఇది లేకుండా తిప్పి ఏం చేసుకుంటాడు?" అనేవాడు. ఇంటర్వెల్లో ఆయన చేతికిచ్చిన సమోసాకి ఎప్పుడూ కాస్త గ్రీజు వాసన ఉండేది.

ఈ ఉపాయం ఆయన కనిపెట్టింది కాదు. 1940లో జర్మన్ సైన్యం ఏ క్షణాన దిగుతుందోనని బ్రిటన్ వణుకుతున్నప్పుడు, వదిలి వెళ్లే కార్లను కదలకుండా చేసి మరీ వెళ్లాలని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. దిగిన శత్రువుకి బండి దొరక్కూడదు. ఎక్కువమంది చేసిన పని రోటరు తీసి జేబులో వేసుకోవడమే.

ఎనభై ఏళ్లు దాటిపోయాయి. ఇవాళ హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో అలాంటి పద్మిని ఒకటి, పక్కనే పదిహేను లక్షల కొత్త ఎస్‌యూవీ ఒకటి నిలబడి ఉన్నాయనుకోండి. వాచ్‌మన్ టీకి వెళ్లిన పది నిమిషాల్లో దొంగ దిగాడు. ఖరీదైంది కొత్త బండే. కానీ ప్రమాదం ఎక్కువ పాత బండికే కావచ్చు. ఎందుకు?

దొంగ చూపు పక్క బండి మీదికి

దీనికి జవాబు యాభై అరవై ఏళ్ల కిందట యూరప్‌లో దొరికింది. స్టీరింగ్ కాలమ్ లాక్‌లు అప్పుడే వస్తున్నాయి. తాళంచెవి తీసేస్తే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. పశ్చిమ జర్మనీ 1960ల మొదట్లో ఈ లాక్‌ని కొత్త కార్లకే కాదు, అప్పటికే రోడ్ల మీద తిరుగుతున్న పాత కార్లకీ తప్పనిసరి చేసింది. కార్ల దొంగతనాలు బాగా తగ్గాయి.

బ్రిటన్‌లో 1971 నుంచి ఇవే లాక్‌లు వచ్చాయి, కానీ కొత్త కార్లకి మాత్రమే. కొత్త కార్లు పోవడం తగ్గింది. దొంగలు మాత్రం ఊరుకోలేదు, లాక్ లేని పాత కార్ల మీద పడ్డారు. వీధిలో ఒక ఇంటికి కుక్కని తెస్తే దొంగ వృత్తి మానెయ్యడు, కుక్క లేని ఇల్లు చూసుకుంటాడు.

సరైన తాళంచెవి కాకపోతే ఇంజన్‌ని అంటుకోనివ్వని ఎలక్ట్రానిక్ ఇమ్మొబిలైజర్ 1990ల్లో వచ్చాక ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున నడిచింది. యూరోపియన్ యూనియన్ 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది. దీని వల్ల నెదర్లాండ్స్‌లో కార్ల దొంగతనాలు సగటున 40 శాతం దాకా తగ్గాయని ఇద్దరు ఆర్థికవేత్తలు, వాన్ ఔర్స్, వొల్లార్డ్ లెక్క తేల్చారు. అమెరికాలో ఈ నాణేనికి రెండో వైపు కనిపించింది. అక్కడ ఎక్కువగా పోయే కార్ల జాబితాలో 1990ల నాటి హోండా అకార్డ్, సివిక్ ఏళ్ల తరబడి ముందు వరసలో నిలిచాయి. అవి ఖరీదైనవి కావు. చిప్ తాళంచెవులు రాకముందు తయారైన బండ్లు, అంతే.

ఇంకో కారణం విడిభాగాలు. పద్మిని తయారీ ఆగి రెండు దశాబ్దాలు దాటింది. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లో ఆగిపోయాయి. తయారీ ఆగిన బండికి మంచి కార్బురేటర్, పగలని హెడ్‌లైట్ గిన్నె, అసలు బ్యాడ్జి దొరకడం కష్టమైన కొద్దీ వాటి రేటు పెరుగుతుంది. అప్పుడు బండి మొత్తం కన్నా ముక్కలకే గిరాకీ.

తాళం అరుగుతుంది, చెవీ అరుగుతుంది

పాత కారు తాళం లోపల పల్చటి ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి. ఒక్కొక్క దాని వెనక చిన్న స్ప్రింగు. తాళంచెవి పళ్లు ఆ రేకుల్ని సరిగ్గా కావలసినంత ఎత్తుకి నెడతాయి. అన్నీ ఒకే గీత మీదికి వస్తే గొట్టం తిరుగుతుంది. ఒక్కటి తేడా వచ్చినా తిరగదు.

ముప్ఫై నలభై ఏళ్లు రోజూ తిప్పాక ఏమవుతుంది? ఇత్తడి మెత్తటి లోహం. రేకుల అంచులు గుండ్రమవుతాయి, పళ్లు మొండిబారతాయి. మొదట్లో వెంట్రుకవాసి తేడాని కూడా ఒప్పుకోని తాళం, తర్వాత ఉజ్జాయింపుగా ఉన్నా సరే అంటుంది. ఒక అంబాసిడర్ చెవి ఇంకో అంబాసిడర్‌కి పట్టిందనే కథలు మెకానిక్ షెడ్లలో అందుకే వింటుంటాం. పైగా ఆ కాలపు తాళాల్లో రేకులు తక్కువ, ఎత్తుల రకాలూ తక్కువ.

కాబట్టి మొదటి మరమ్మతు ఇక్కడే. మీ చెవి తాళంలో వదులుగా ఆడుతున్నా, సగం లోపలికి వెళ్లగానే తిరుగుతున్నా, తాళాల పని తెలిసినవాడి చేత రేకులు మార్పించండి. అరిగిన చెవిని చూసి ఇంకో చెవి కోయిస్తే అరుగుదలకి కూడా నకలు వస్తుంది.

తాళం బాగున్నా ఒక సంగతి మర్చిపోకూడదు. పాత కారులో తాళం చేసే పని విద్యుత్ తీగల్ని కలపడం, విడదీయడం మాత్రమే. అది గుమ్మం దగ్గర కాపలావాడు. వాడిని తప్పించుకుని లోపలికి వచ్చినవాడిని ఇంట్లో అడిగేవాళ్లు లేరు. కొత్త కారులో గుమ్మం దాటినా ఇంకొకరు అడుగుతారు. బాబాయి చేసింది, లోపల అలాంటి ఇంకొకరిని నిలబెట్టడమే.

| పెట్టె 1: కొత్త కారు అడిగే ప్రశ్న |
|---|
| ఇమ్మొబిలైజర్ ఉన్న తాళంచెవి తలలో బియ్యపు గింజ నుంచి గోరంత దాకా ఉండే చిప్ ఒకటి దాగి ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి వచ్చే రేడియో తరంగాల శక్తితోనే అది మేల్కొంటుంది. కారు ఒక అంకె పంపుతుంది. చిప్ తనకూ కారుకీ మాత్రమే తెలిసిన రహస్యంతో ఆ అంకెని మార్చి తిప్పి పంపుతుంది. జవాబు సరిపోతేనే ఇంజన్ కంప్యూటర్ పెట్రోలునీ నిప్పురవ్వనీ వదులుతుంది. ప్రశ్న ప్రతిసారీ మారుతుంది కాబట్టి నిన్నటి జవాబు ఇవాళ చెల్లదు. మారుతి కార్లలో ఐక్యాట్స్ పేరుతో వచ్చింది ఈ కోవకి చెందిందే. కార్బురేటర్ బండిలో అడగడానికి కంప్యూటరే లేదు. |

12 వోల్టుల నుంచి నిప్పురవ్వ దాకా

కాపలా ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ఇంజన్ ఎలా అంటుకుంటుందో చూడాలి. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు. స్పార్క్ ప్లగ్గులో రవ్వ ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. ఈ మార్పు చేసేది ఇగ్నిషన్ కాయిల్.

కాయిల్‌లో ఒకే ఇనుప కడ్డీ చుట్టూ రెండు చుట్లు ఉంటాయి. ఒకటి లావు తీగ, వందల చుట్లు. ఇంకొకటి వెంట్రుకలాంటి తీగ, వేల చుట్లు. లావు తీగలో మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు పారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ కరెంటుని ఠక్కున ఆపితే క్షేత్రం కుప్పకూలుతుంది. ఆ కూలడంలో సన్నతీగ చుట్లలో వేల వోల్టులు పుడతాయి.

ఠక్కున ఆపేవి డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు. నాలుగు మూలలున్న ఇరుసు ఒకటి తిరుగుతూ వాటిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. మూసినప్పుడు కరెంటు నిండుతుంది, తెరిచినప్పుడు రవ్వ పుడుతుంది. ఆ రవ్వ నాలుగు ప్లగ్గుల్లో దేనికి వెళ్లాలో చూపించేది పైన తిరిగే రోటరు. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్లకీ కలిపి నిమిషానికి 6000 రవ్వలు, అంటే సెకనుకి 100. ఇంత వ్యవహారమూ బాబాయి జేబులో పట్టే ఆ ముక్క మీదుగా సాగాలి.

| పెట్టె 2: బోరు గొట్టంలో దెబ్బ |
|---|
| పొలంలో మోటారు ఆపగానే గొట్టంలో ధన్‌మని శబ్దం వినే ఉంటారు. వేగంగా పారే నీళ్లని ఒక్కసారిగా ఆపితే, పారేటప్పుడు లేనంత ఒత్తిడి ఆగే క్షణంలో పుడుతుంది. గేట్ వాల్వ్‌ని మెల్లగా తిప్పితే ఆ దెబ్బ ఉండదు. కాయిల్‌లోనూ ఇంతే. కరెంటు పారుతున్నంతసేపూ రవ్వ లేదు. ఆగిన క్షణంలోనే దెబ్బ. పాయింట్ల పక్కన ఉండే కండెన్సర్ ఆ ఆగడాన్ని శుభ్రంగా, వేగంగా జరిగేలా చూస్తుంది. అది చెడిపోతే పాయింట్ల దగ్గరే మంట వచ్చి ప్లగ్గులో రవ్వ నీరసిస్తుంది. |

కత్తెర ఎక్కడ పెట్టాలి?

రహస్య స్విచ్ పెట్టుకోవడానికి పాత కారులో నాలుగు చోట్లున్నాయి. నాలుగూ సమానం కాదు.

*బ్యాటరీ.* నెగటివ్ టెర్మినల్ దగ్గర కట్ ఆఫ్ స్విచ్ పెడితే బండి మొత్తం చీకటి. సెల్ఫ్ కొట్టినప్పుడు వంద ఆంపియర్లకు పైగానే లాగుతుంది కాబట్టి ఇది బరువైన స్విచ్ అయి ఉండాలి. నెలకోసారి తీసే బండికి దీంతో ఇంకో లాభం ఉంది. బ్యాటరీ దిగిపోదు, పాత వైరింగ్ నుంచి మంటలు లేచే భయమూ తగ్గుతుంది. కానీ బోనెట్ ఎత్తిన దొంగకి మొదట కనిపించేది ఇదే.

*సెల్ఫ్.* స్టార్టర్‌కి వెళ్లే సన్న తీగని తెంచితే తాళం తిప్పినా చప్పుడు రాదు. అయితే నలుగురు కలిసి నెడితే పాత బండి స్టార్ట్ అవుతుందని మన వీధుల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

*కాయిల్.* అసలు కీలకం ఇదే. ఇక్కడ తెంచితే సెల్ఫ్ మామూలుగా తిరుగుతుంది, ఇంజన్ గుర్రుగుర్రుమంటుంది, అంటుకోదు. దొంగకి అది తాళంలా కనిపించదు, బండిలో రోగంలా కనిపిస్తుంది. కార్బురేటర్లో చెత్త ఉందో, ప్లగ్గులు తడిశాయో, పాయింట్లు పోయాయో! పాత బండికున్న చెడ్డపేరు ఇక్కడ యజమానికి మేలు చేస్తుంది. సెల్ఫ్ మోత సెల్లార్‌లో మార్మోగుతుంటే ఎవడూ ఎక్కువసేపు కూర్చోడు.

దీన్ని రెండు రకాలుగా చేయొచ్చు. మొదటిది, కాయిల్‌కి వచ్చే తీగ మధ్యలో స్విచ్. స్విచ్ పాడైతే నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోతుంది. కాబట్టి చవకది పనికిరాదు, జాయింట్లు చేత్తో మెలేసి టేపు చుట్టినవి కాకూడదు. రెండోది, పాయింట్ల తీగని స్విచ్ ద్వారా బాడీకి, అంటే ఎర్త్‌కి కలపడం. అప్పుడు పాయింట్లు తెరుచుకున్నా కరెంటుకి పక్కదారి ఉంటుంది కాబట్టి అది ఆగదు, ఆగనిదే రవ్వ లేదు. ఈ పద్ధతిలో స్విచ్ తీగ ఎక్కడైనా తెగితే బండి నడుస్తూనే ఉంటుంది. ఘాట్ రోడ్డులో ఉన్నవాడికి అది చిన్న ఊరట కాదు. లోటల్లా ఒకటే. ఆ తీగ తొడుగు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే ఇంజన్ ఆగుతుంది, కాబట్టి తీగని పదునైన రేకుల అంచులకి దూరంగా నడిపించాలి.

*పెట్రోలు.* గొట్టంలో వాల్వ్ పెట్టి కట్టేస్తే కార్బురేటర్ గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోలుతో బండి కొంత దూరం పోయి ఆగుతుంది. ఆగేది నడిరోడ్డు మీద, నలుగురి ముందు. ఉపాయం బాగుంది. కానీ వేడి ఇంజన్ పక్కన పెట్రోలు గొట్టానికి కొత్తగా రెండు జాయింట్లు చేర్చడమంటే కారడానికి రెండు కొత్త చోట్లు ఇవ్వడం. చేయి తిరిగిన మెకానిక్ లేకపోతే దీని జోలికి పోవద్దు.

స్విచ్ ఎక్కడ దాచాలో ఏ వ్యాసమూ చెప్పకూడదు. చెప్పిన మరుక్షణం అది రహస్యం కాదు. డ్రైవర్ సీట్లో కూర్చుని చూడకుండా చేతికి అందాలి, వెతికేవాడికి కనపడకూడదు. బండిలో ముందు నుంచీ ఉండి పని లేకుండా పడి ఉన్న స్విచ్‌కే ఈ ఉద్యోగం ఇవ్వొచ్చు. అప్పుడు డాష్‌బోర్డుకి కొత్త రంధ్రం కూడా అక్కర్లేదు. అసలు రూపం చెడకూడదనుకునే వాళ్లకి ఇది ముఖ్యం.

కనిపించే కాపలా, కనిపించని కాపలా

ఇంజన్ ఆగిపోయినా బండికి చక్రాలున్నాయి. తాడు కట్టి లాక్కుపోవచ్చు, ట్రక్కు మీదికి ఎక్కించొచ్చు. దీనికి విద్యుత్తు పనికిరాదు, మొరటు ఇనుమే కావాలి. స్టీరింగ్‌కి అడ్డంగా వేసే కడ్డీ లాక్, చక్రానికి బిగించే క్లాంప్, గేరులో వదిలి హ్యాండ్‌బ్రేక్ లాగడం, ముందు చక్రాల్ని గోడవైపు తిప్పి ఉంచడం. సెల్లార్‌లో అయితే ముక్కు గోడకి ఆనించి, వెనకాల రోజూ వాడే రెండో బండిని ఆపడం కన్నా చవకైన పద్ధతి లేదు.

ఇలాంటి ఇనుప తాళాల్లో కొన్నిటిని రంపంతో కోయొచ్చు. నిజమే. కానీ వాటి పని దొంగని పూర్తిగా ఆపడం కాదు, అతని టైము తినడం. తాళం, స్టీరింగ్ కడ్డీ, రహస్య స్విచ్ విడివిడిగా చూస్తే దేనికదే చిన్న అడ్డు. మూడింటికీ మూడు రకాల పనిముట్లు, మూడు రకాల తెలివి కావాలి. వాచ్‌మన్ టీ తాగి వచ్చేలోపు మూడూ పూర్తి కావాలి.

కనిపించేవాటికీ కనిపించనివాటికీ మధ్య ఇంకో తేడా ఉంది. అమెరికాలో లోజాక్ అనే రేడియో పరికరాన్ని కార్లలో బయటికి గుర్తు లేకుండా దాచేవారు. బండి పోతే పోలీసులు ఆ సంకేతాన్ని పట్టుకుని వెళ్లేవారు. ఇయన్ అయర్స్, స్టీవెన్ లెవిట్ 1998లో అచ్చయిన పరిశోధనలో దీన్ని పరిశీలించారు. లోజాక్ ఉన్న నగరాల్లో అది పెట్టుకోని కార్ల దొంగతనాలు కూడా తగ్గాయని తేలింది. ఏ కారులో ఉందో తెలియదు కాబట్టి దొంగ అన్నిటికీ జంకుతాడు. స్టీరింగ్ కడ్డీ దొంగని పక్కింటి బండి మీదికి పంపితే, దాచిన పరికరం ఆ పక్కింటి బండినీ కాస్తుంది.

ఆకాశం నుంచి జాడ, బ్యాటరీ నుంచి జీతం

ఇవాళ ఆ పని జీపీఎస్ ట్రాకర్ చేస్తోంది. చాలామంది అనుకున్నట్టు ఉపగ్రహం కారుని చూడదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు టైము చెబుతూ పోతుంటాయి. ట్రాకర్ కనీసం నాలుగింటి మాట విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో చూసి తానెక్కడుందో లెక్క కడుతుంది. ఆ సంగతి మీ ఫోనుకి పంపేది అందులోని సిమ్ కార్డు. ఆకాశం కనపడని లోతు సెల్లార్‌లో మొదటి సగం నడవదు, సిగ్నల్ లేనిచోట రెండో సగం నడవదు.

పాత కారుతో అసలు చిక్కు బ్యాటరీ. ట్రాకర్ 20 మిల్లీఆంపియర్లు తింటుందనుకోండి. రోజుకి దాదాపు అర ఆంపియర్ అవర్. 32 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే నెల రోజుల్లో సగం ఖాళీ. సంక్రాంతికి ఊరెళ్లడానికి కవర్ తీసేసరికి బండి కాపలా భద్రం, సెల్ఫ్ మాత్రం నిద్ర. అందుకే సొంత బ్యాటరీ ఉండి, కదలిక వచ్చినప్పుడు మాత్రమే మేల్కొనే ట్రాకర్ నయం.

చిన్న బ్లూటూత్ బిళ్లలు ఇంకా చవక. అవి చుట్టుపక్కల ఫోన్ల సాయంతో జాడ చెబుతాయి. కానీ మనుషుల్ని రహస్యంగా వెంబడించడానికి వాడకూడదని, తెలియని బిళ్ల వెంట వస్తోందంటూ అవతలివాడి ఫోనుకే హెచ్చరిక పంపుతాయి. దొంగకి కూడా ఆ మర్యాద దక్కుతుంది.

పెన్సిల్ ముద్ర

పోయిన బండి దొరికినా అది మీదేనని నిరూపించాలి. నంబర్ ప్లేటు నిమిషంలో మారుతుంది. అంత తేలిగ్గా మారనిది చాసిస్ మీద కొట్టిన నంబరు. బండి పేరు మార్చేటప్పుడు ఆర్టీఏ ఆఫీసు దగ్గర ఏజెంటు ఆ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం చూసే ఉంటారు. అంకెలు తెల్లగా లేస్తాయి. ప్రతి అంకె వంపూ, సుత్తి దెబ్బ వంకరా అందులో పడుతుంది. అలాంటి ముద్ర ఒకటి మీ దగ్గరా ఉంచుకోండి. అద్దాల మూలల మీద రిజిస్ట్రేషన్ నంబరు చెక్కించండి. సీటు కింద తుప్పు మచ్చ, వెల్డింగ్ గాటు లాంటి మీకే తెలిసిన గుర్తుల్ని ఫొటో తీయండి.

బీమా కాగితం కూడా ఒకసారి తీసి చూడండి. పాత కార్లకి చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు. దొంగతనానికి అది పైసా ఇవ్వదు. ఐదేళ్లు దాటిన బండి విలువని యజమాని, కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి కాబట్టి, బాగుచేయించిన బిల్లులూ ఫొటోలూ ముందే చూపించి రాయించుకోవాలి. క్లెయిము వేళ రెండు తాళంచెవులూ అడుగుతారు. సెకండ్ హ్యాండ్‌లో ఒకటే చెవితో కొన్నవాళ్లకి చిక్కు అక్కడే.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకి రుసుము 20,000 రూపాయలు. కాపలా పేరుతో బండిని కోసి, రంధ్రాలు చేసి పాడుచేయకుండా ఉండటానికి ఇదొక కారణం.

| పెట్టె 3: ఒక ఆదివారం పని |
|---|
| 1. తాళంచెవి వదులుగా ఆడుతోందేమో చూడండి. 2. స్టీరింగ్‌కి కడ్డీ లాక్ కొనండి. 3. కాయిల్ సర్క్యూట్‌కి రహస్య స్విచ్ పెట్టించండి, పెట్టినవాడు తప్ప షెడ్డులో ఎవరికీ తెలియనివ్వకండి. 4. చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర, ఫొటోలు తీసుకోండి. 5. బీమా ఏ రకమో చదవండి. 6. ఆర్‌సీ అసలు కాపీ కారులో వదలకండి. |

చిట్టచివరి తాళం

కొత్త కార్ల తాళంచెవి నుంచి వచ్చే రేడియో సంకేతాన్ని ఇంటి బయట నిలబడి దూరం సాగదీసి, తలుపు తెరిచే దొంగలు ఇప్పుడు వచ్చారు. పద్మిని మీద ఆ విద్య పారదు. అక్కడ వినడానికి సంకేతమే లేదు. పాత బండి సర్క్యూట్ ఒక కాగితం మీద గీయగలిగినంత చిన్నది. దొంగకి అర్థమైనంత సులువుగా యజమానికీ అర్థమవుతుంది. అందుకే దాని కాపలా కంపెనీ పెట్టి పంపదు, యజమానే పెట్టుకోవాలి. ఎక్కడ పెట్టాడో గుర్తుంచుకోవడం కూడా అతని పనే.

మా బాబాయి ఒకసారి అక్కడే దొరికిపోయాడు. సినిమా మధ్యలో చెల్లికి జ్వరం వస్తే రిక్షాలో ఇంటికొచ్చేశాం, బండి సందులోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి సెల్ఫ్ కొడితే తిరుగుతుంది తప్ప అంటుకోదు. ప్లగ్గులు తుడిచాడు, చోక్ లాగాడు, ఇద్దర్ని పిలిచి నెట్టించాడు. పది దాకా చెమటలు కక్కి ఇంటికొస్తే, బట్టలు నానేసిన బకెట్ దగ్గర కూర్చున్న పిన్ని సబ్బు నురుగులోంచి బొటనవేలంత నల్లటి ముక్క తీసి చూపించింది. "ఏవండీ, ఇదేమన్నా మీదేనా?"

ఆ నెలే ఆయన ఇంకో రోటరు కొన్నాడు. అది పిన్ని పోపుల డబ్బాలో ఉండేది.